నోట్లో బోల్టు

కడప, కర్నూలు వైపు టవర్లెక్కే మా అందరికీ ఒక అలవాటుంది. పైన రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి బోల్టు పళ్ల మధ్య పెట్టుకుంటాం. ఎండాకాలంలో పెదవి చురుక్కుమంటుంది, అంతే. ఆ అలవాటుతోనే లడఖ్ కొండలెక్కాను.

"ఎండకు తట్టుకునేవాళ్లకు చలి ఒక లెక్కా?" అన్నాడు కాంట్రాక్టరు. ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా అనొచ్చు.

పోయేముందు నా భార్య నన్ను ఒంటిమిట్టకు తీసుకెళ్లి, ఇక తాగనని రాముడి ముందు ఒట్టు వేయించింది. "ఇంగొక్కసారి తాగితే బిడ్డనెత్తుకుని మైదుకూరికి మా నాయన దగ్గరికి పోతా" అంది. తర్వాత చుక్క ముట్టలేదు. ఆ చలిలో పక్కవాళ్లు రమ్ము తాగుతుంటే నేను వేణ్ణీళ్లు తాగాను.

అక్కడ వైరు లాగడానికి వీల్లేదు. రెండు కొండల మీద రెండు డిష్‌లు ఎదురెదురుగా బిగిస్తే, మైక్రోవేవ్ తరంగాల మీద మాట ఇటునుంచి అటు పోతుంది. డిష్ కాస్త పక్కకు తిరిగినా సిగ్నల్ ఉండదు. దాన్ని సరిచేస్తూ, ఆలోచించకుండానే బోల్టు నోట్లో పెట్టుకున్నాను. మంచులా చల్లబడ్డ ఇనుము తడి పెదవికీ నాలుకకూ అతుక్కుపోయింది. భయపడి లాగేశాను. తోలు దానితోపాటే ఊడొచ్చింది.

లింకు మాత్రం కలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఫోను బ్యాటరీ చలికి ఎప్పుడో చచ్చింది. సూపర్‌వైజరు జాలిపడి టెస్టు ఫోనులో ఒక్క కాల్ చేసుకోమన్నాడు. నోరు వాచి ఉందని తెలిసీ ఆగలేకపోయాను. నా భార్య గొంతు వినాలనిపించింది.

"నేనే" అనబోతే ముద్దముద్దగా ఏదో వచ్చింది.

"తాగినావు గదా?"

కాదని చెప్పబోయాను. అదీ ముద్దే. మా జట్టులో కర్నూలాయన ఫోను లాక్కుని, "తాగలేదమ్మా, మూతికి దెబ్బ తగిలుండాది" అన్నాడు.

"తాగినోనికి ఇంకో తాగినోడు సాక్ష్యమా?" అని పెట్టేసింది.

కిందికి దిగాక ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. కడపకు వచ్చేసరికి ఇంటికి తాళం. మైదుకూరు పోతే మా మామ గడప దాటనివ్వలేదు. వీధిలో జనం చూస్తుండగా నా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఒళ్లు మండిపోయింది. అయినా నోరు తెరిచి నిలబడ్డాను, ఏం చేయను?

ఆమె వచ్చి పెదవి మీది మచ్చ చూసింది. బోల్టు సంగతి చెప్పాను.

"ఇనుము యాడన్నా నోటికి అంటుకుంటాదా అప్పా?" అన్నాడు మామ.

ఆమె బిడ్డనెత్తుకుని నా వెంట వచ్చింది. నమ్మిందనే అనుకున్నాను.

ఇప్పుడు కర్నూలులో పని. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను. ఎత్తుతుంది, కానీ ముందు తను మాట్లాడదు. నా నాలుక తేటగా తిరుగుతోందో లేదో విని, ఆ తర్వాతే "తిన్యావా?" అని అడుగుతుంది.