డెల్ఫియా వాయించని ఫిడేలు

డెల్ఫియా టాకెట్ ఫిడేలు మీద కమాను లాగితే చివర్లో చిన్న తట్టు పడేది. స్వరం సాగి సాగి, ఇక అయిపోతుందనగా అర క్షణం ఆగి, అప్పుడు దిగేది. తూర్పు కెంటకీలో స్టిల్‌హౌస్ వాగు పొడుగునా ఆ తట్టు తెలియనివాళ్ళు లేరు. చర్చిలో వెనక బెంచీ మీద కునుకు తీసే ముసలివాళ్ళు కూడా కళ్ళు తెరవకుండానే, "టాకెట్ల పిల్ల వచ్చినట్టుంది" అనేవాళ్ళు.

అది తండ్రి హోబర్ట్ నుంచి వచ్చిన ఆస్తి. ఆయనకు ముప్ఫై ఏళ్ళప్పుడు బొగ్గుగనిలో పైకప్పు రాయి ఊడి కుడిభుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి కమాను ఒక చోటికి రాగానే చెయ్యి పట్టేసేది. దాన్ని విదిలించుకుని ముందుకు తోసేవాడు. డెల్ఫియా ఏడేళ్ళకే ఆయన ఒళ్ళో కూర్చుని ఫిడేలు పట్టింది. నాన్న ఎలా వాయిస్తే పాట అలాగే ఉంటుందనుకుంది. నొప్పన్నది ఎరగని భుజంతో నాన్న నొప్పిని నేర్చుకుంది. అసలు సంగతి తెలిసేసరికి పద్నాలుగేళ్ళొచ్చాయి. అప్పటికే అది చేతిలో పాతుకుపోయింది.

అన్న వెండెల్‌ది తేనెలాంటి గొంతు, దానికి తగ్గ మాటకారితనం. అతనూ, చెల్లెలూ, బాంజో వాయించే పిన్నికొడుకు ఎర్సెల్ కలిసి ఒక బృందం కట్టి దానికి వాగు పేరే పెట్టుకున్నారు. పదేళ్ళపాటు చర్చిల్లో, సంతల్లో, శనివారం పొద్దున ఊరి రేడియోలో పాడారు. ఒక్క రికార్డూ వెయ్యలేదు. మిగతా వారమంతా డెల్ఫియా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది.

1978 వసంతంలో నాష్‌విల్ నుంచి కబురొచ్చింది. ఒక కంపెనీ వాళ్ళ పాటలతో ఆల్బమ్ వేస్తానంది. ఫ్యాక్టరీలో సెలవు పెట్టి డెల్ఫియా అన్నతో, ఎర్సెల్‌తో వెళ్ళింది. ఐదు రోజుల్లో పది పాటలు. అందులో ఒకటి హోబర్ట్ కట్టిన వరస. భార్య పోయిన ఏడాది, వంటింట్లో ఒంటరిగా కూర్చుని కట్టాడు దాన్ని. వెండెల్ దానికి మాటలు రాశాడు.

ఆ పాట దగ్గరే రికార్డింగు చేయించే లాసిటర్ గారు స్టూడియో అద్దం అవతల్నుంచి చెయ్యెత్తారు.

"అమ్మాయ్, చివర్లో కొంచెం వెనకబడుతున్నావు. నేరుగా లాగి చూడు."

ఆమె మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ చెయ్యి తన దారినే పోయింది.

"మా నాన్న పాటండీ ఇది. ఇలాగే ఉంటుంది" అంది చివరికి.

ఆయన నవ్వారు. "సరేలే, నీకు నచ్చినట్టే కానియ్."

అట్ట మీదికి ఫోటో తీసినప్పుడు ఆమె నీలం గౌను వేసుకుని, ఫిడేలు చంటిబిడ్డలా గుండెకి పొదువుకుని నిలబడింది.

ఆగస్టులో వెండెల్ ఒక్కడే మళ్ళీ నాష్‌విల్ వెళ్ళాడు. రెండు చోట్ల గొంతు సరిచెయ్యాలని చెప్పాడు. తిరిగొచ్చాక రెండు వారాలు చెల్లెలి మొహంలోకి చూసి మాట్లాడలేదు. వదినతో మాటామాటా వచ్చిందేమోలే అనుకుంది డెల్ఫియా.

అక్టోబరులో రికార్డు పార్సిల్లో వచ్చింది. అప్పటికి హోబర్ట్ కిటికీ పక్క కుర్చీకే అతుక్కుపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళ బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పది అడుగులు వేస్తే పావుగంట ఆయాసం. డెల్ఫియా ఆయన మోకాళ్ళ మీద దుప్పటి సర్ది, రికార్డు పెట్టి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

మొదటి పాటలోనే ఆమెకు ఏదో తేడా కొట్టింది. రెండో పాటకి ఇక అనుమానం లేదు. ఆ ఫిడేలు అందంగా ఉంది, వంక పెట్టడానికి లేదు. కానీ అది ఆమెది కాదు.

లేచి ఆపేద్దామనుకుంది. హోబర్ట్ కళ్ళు మూసుకుని, దుప్పటి మీద కుడిచెయ్యి కమానులా ఆడిస్తున్నాడు. ఆపలేకపోయింది.

ఆయన వరస వచ్చింది. ముసలి చెయ్యి అలవాటైన చోట ఆగింది. రికార్డు ఆగలేదు. సాఫీగా దాటిపోయింది. హోబర్ట్ కళ్ళు తెరిచాడు. పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఆ తట్టు లేదే?" అన్నాడు.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది. "అవును నాన్నా. తీసేశాను."

హోబర్ట్ చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "మంచి పని చేశావు తల్లీ. నా అవిటి చెయ్యి నీకు అంటించానే అని ఇన్నేళ్ళూ లోలోపల కుమిలేవాణ్ణి. చెబితే నీ వాయింపు చెడుతుందని చెప్పలేదు. నువ్వే దిద్దుకున్నావు." మళ్ళీ వెయ్యమన్నాడు. ఆ మధ్యాహ్నం ఆ పాట నాలుగుసార్లు విన్నాడు. నాలుగుసార్లూ ఆమె పక్కనే కూర్చుంది.

సాయంత్రం ఆమె అన్న ఇంటికి వెళ్ళేసరికి వెండెల్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. ఆమెను చూడగానే గొడ్డలి కింద పెట్టాడు.

"ఎవరు వాయించారు?"

"అక్కడి మనిషే. రోజూ అదే పని అతనికి. డెల్ఫీ, అందరికీ అలాగే చేస్తారట. ఎర్సెల్ బాంజో కూడా సగం తీసేశారు."

"ఎర్సెల్‌కి తెలుసా?"

"...తెలుసు."

"నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట."

"వద్దంటే ఆల్బమే లేదన్నారు. ఏం చెయ్యమంటావు నన్ను?"

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. సోమవారం భోజనం విరామంలో ఫ్యాక్టరీ ఫోను నుంచి కంపెనీకి ఫోన్ చేసింది. తను వాయించిన టేపు ఒక్కసారి వినిపిస్తే చాలంది. అవతలమ్మాయి మర్యాదగా కనుక్కుని వచ్చి, ఆ టేపు మీద వేరేవాళ్ళ పాటలు ఎక్కించేశామని చెప్పింది.

హోబర్ట్ జనవరిలో పోయాడు. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడానికి రెండు రోజులు పట్టింది. సమాధి దగ్గర నాన్న వరస వాయించమని వెండెల్ మెల్లగా అడిగాడు. ఆమె పెట్టె మూత తీసి, మళ్ళీ వేసేసింది. తట్టుతో వాయిస్తే, ఆయన తృప్తిగా తీసుకుపోయిన మాట అబద్ధమవుతుంది. తట్టు లేకుండా వాయించాలంటే, అది పరాయివాడి చెయ్యి. ఏమీ వాయించలేదు. "రికార్డు రాగానే కన్నతండ్రికి కూడా వాయించడం మానేసింది" అని చర్చిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. అది ఆమె చెవిన పడింది.

ఆ చలికాలమే హోబర్ట్ వరస కట్టిన పాట రేడియోలో మోగడం మొదలైంది. ఊళ్ళ నుంచి కచేరీలకి పిలుపులొచ్చాయి. వచ్చినవాళ్ళు రికార్డులో ఉన్నట్టే కావాలంటారు. డెల్ఫియా నెల రోజులు ఫ్యాక్టరీ నుంచి రాగానే తన ఆల్బమ్ తనే పెట్టుకుని, సూది వెనక్కి వేసుకుంటూ, ఆ పేరు తెలియని మనిషి వాయింపు ముక్కముక్కగా నేర్చుకుంది. నాష్‌విల్‌లో మూడుసార్లకి రానిది ఇప్పుడు వచ్చింది. తండ్రి తట్టు చేతిలోంచి మెల్లగా జారిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఏప్రిల్‌లో ఒహాయోలో ఒక హాల్లో కచేరీ అయ్యాక ఒకావిడ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. "మా ఆయన పోయాక రోజూ మీ ఫిడేలే వింటున్నానమ్మా. అచ్చం రికార్డులో ఉన్నట్టే వాయించారు." డెల్ఫియా ఆవిడకి థాంక్స్ చెప్పింది. తర్వాత వెళ్ళి వ్యానులో కూర్చుంది. "నేను రేపు ఇంటికెళ్ళిపోతాను అన్నయ్యా" అంది.

బృందం ఇంకో ఏడాది ఎవరెవరితోనో నడిచి ఆగిపోయింది. రెండో ఆల్బమ్ రాలేదు. ఫ్యాక్టరీ మూతపడితే డెల్ఫియా బడి వంటింట్లో చేరి ఇరవై నాలుగేళ్ళు పిల్లలకి మొక్కజొన్న రొట్టెలు కాల్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఫిడేలు అప్పుడప్పుడు తీసేది. తట్టు కోసం వెతికేది. కావాలని తెచ్చుకుంటే అది వేషంలా ఉండేది. అలా రావలసింది కాదు అది.

అన్నాచెల్లెళ్ళు రెండు మైళ్ళ దూరంలో బతుకుతూ వానల గురించీ తోట గురించీ మాత్రమే మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అరవై దాటాక, ఒక జూలైలో, ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడు కాయలకి నార తీస్తుంటే వెండెల్ వచ్చి ఒక గిన్నె ముందుకి లాక్కున్నాడు. సగం బుట్ట అయ్యాక అన్నాడు.

"నీకు ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"చెబితే ఆపించేస్తావని భయపడ్డాను."

"ఆపేదాన్ని కాదు" అంది డెల్ఫియా, కాయల మీంచి కళ్ళెత్తకుండా. "నాన్నకి ముందే చెప్పేదాన్ని. నీ తట్టు నాకు బరువు కాదు, అదే నా వాయింపు అని చెప్పేదాన్ని. ఆయన దాన్ని తప్పనుకునే పోయాడు. నేను అవునన్నాను."

వెండెల్ చేతిలోని కాయ విరవకుండా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తెలియదు. చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఈ ఏడు కాయ ముదురుగా ఉంది" అంది ఆమె.

"వాన ఆలస్యమైంది కదా" అన్నాడు వెండెల్.

బుట్ట ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.