నొప్పి లేసినప్పుడల్లా

మందమర్రి గని డిస్పెన్సరీలో నర్సు తారాబాయి నోటికి జడిసి కార్మికులు సగం రోగాలు గుమ్మం బయటే వదిలేసి లోపలికి వచ్చేవారు. సొంతూరు భైంసా. సూది వేసినా, తిట్టినా ఒకటే విసురు. రాయమల్లు దగ్గర మాత్రం మెత్తబడేది. పక్క క్వార్టర్‌లోనే ఉంటాడు, అక్కా అని పిలుస్తాడు, ఆమె చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఆ గుణమే కొంప ముంచింది.

రాయమల్లుది గనిలో బొగ్గుకు మందు పెట్టి పేల్చే పని. 1978 వానాకాలంలో అతని మోకాళ్లు పట్టేశాయి. తారాబాయి ఆస్ప్రిన్ డబ్బా చేతిలో పెట్టింది.

"నొప్పి లేసినప్పుడల్లా రెండు గోలీలు ఏసుకో తమ్మీ."

బయట వరుస పెద్దదిగా ఉంది. ఇంకో మాట చెప్పే తీరిక ఆమెకు లేదు, అడిగే అలవాటు అతనికి లేదు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. "చెవుల్ల గుయ్యిమంటుందక్కా. మాటలు సరిగ్గ ఇనవడ్తలేవు."

"మందు పేల్చెటోని చెవులు గుయ్యిమనక పాట పాడ్తయా? దూది పెట్టుకో, పో."

వరుసలో అందరూ నవ్వారు. రాయమల్లు కూడా నవ్వి, దూది పెట్టుకుని పోయాడు. గని ఊళ్లో చెవుల హోరును రోగమని ఎవరనుకుంటారు?

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అతని భార్య అనసూర్య పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఒకటే కక్కుతుండు. మంచంల కూసుండే రొప్పుతుండు. జర వచ్చి సూడు."

తారాబాయి వెళ్లి చూసింది. రాయమల్లుకు ఒళ్లంతా చెమట. గని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వచ్చినవాడిలా లోతుగా, ఆగకుండా ఊపిరి తీస్తున్నాడు. బొగ్గుపొడి ఆయాసమైతే దగ్గు ఉండాలి, పిల్లికూతలు ఉండాలి. స్టెత్ పెట్టి విన్నది, అవేవీ లేవు. పేరడిగితే తండ్రి పేరు చెప్పాడు. అప్పుడు ఆమె చూపు కిటికీలోని ఖాళీ డబ్బా మీద పడింది.

"గోలీలు ఎన్ని మింగిండే?"

"లెక్కెక్కడిదక్కా? నొప్పి లేసినప్పుడల్లా రెండని నువ్వే చెప్తివి గద. పొద్దూమాపూ లేస్తనే ఉన్నది. డబ్బా ఒడిసినంక దుకాణంల కొనుక్కచ్చిండు."

తారాబాయి ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆస్ప్రిన్ ఎక్కువైతే ముందు చెవులు హోరెత్తుతాయని, తర్వాత ఊపిరి వేగం పెరుగుతుందని, మనిషి తికమక పడితే ప్రాణం మీదికి వచ్చినట్టేనని ఆమె ట్రైనింగ్‌లో చదువుకున్నదే. చదువుకుని కూడా దూది పెట్టుకోమని పంపింది.

జీపు తెప్పించి అతన్ని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. గోలీల సంగతి, చెవుల సంగతి డాక్టరుకు చెప్పింది. అలా మింగమన్నది ఎవరో మాత్రం చెప్పలేదు.

"నువ్వు గుర్తుపట్టకపోతే ఆయాసమనుకుని పొద్దు గడిపేవాళ్లం" అన్నాడు డాక్టరు. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

సెలైన్లు ఎక్కాయి, రాయమల్లు గట్టెక్కాడు. మొగుడి ప్రాణం తారాబాయి పెట్టిన భిక్ష అని అనసూర్య కాలనీ అంతా చెప్పుకొచ్చింది. అది విన్నప్పుడల్లా తారాబాయి మాట మార్చేది. చివరికి ఉండబట్టలేక వాళ్లింటికి పోయి అతని ఎదుట కూర్చుంది.

"తప్పు నాదే తమ్మీ. రోజుకు గిన్నే అని నేను చెప్పకపోతి. చెవులు గుయ్యిమంటున్నయంటె నవ్వి పంపిస్తి."

రాయమల్లు ఆమెను ఓదార్చబోయాడు. "ఊకో అక్కా. ఇంకోలు చెప్తే గన్ని మింగుదునా? నువ్వు చెప్పినవని మింగిన."

మోకాలు నిమురుకున్నాడు. "మల్ల నొప్పి లేస్తున్నదక్కా. ఏమేసుకోవాల్నో నువ్వే చెప్పు."