పెమక్క వెతుక్కున్న ఇల్లు

ఈ ఉదయం పెట్టె తెరిచి పాత స్వెట్టరు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పదిహేడు తుమ్ములొచ్చాయి, పద్దెనిమిదోది వచ్చేలోపు పెమక్క గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో హిందూపురంలో నాకో రెడీమేడ్ బట్టల కొట్టుండేది. ఏటా చలికాలం కర్ణాటకలోని టిబెట్ కాలనీ నుంచి కొందరొచ్చి ఎదుటి మైదానంలో డేరాలు వేసి స్వెట్టర్లు అమ్మేవారు. ఏ డేరా ఎవరిదో చీటీలు తీసి తేల్చుకునేవారు. మురిక్కాలువ పక్క చోటొచ్చినా నవ్వుతూ సర్దుకునేవారు. మావాళ్లయితే ఆ కాలువ కోసం మూడు తరాలు కోర్టుకు తిరిగేవాళ్లు! "ధర ఒకసారి చెప్పు, నవ్వు రెండుసార్లు నవ్వప్పా" అంటూ నాకు వ్యాపారం నేర్పింది వాళ్లలోని పెమక్కే.

భర్త పోయిన ఏడాది ఆమె కాలనీకి తిరిగి వెళ్లనంది. "ఆడ ప్రతి మూలా ఆయనే కనపడతాడు. ఈ పక్కే ఉంటానప్పా, ఇల్లు చూడు. ఆదివారం మా లారీ పోతాది. ఆ లోపల దొరక్కుంటే నేనూ ఎక్కాల."

కాళ్లు మోకాళ్ల దాకా అరిగేలా తిరిగాను. మా మెయిన్ రోడ్డులో మేడగది, పెనుకొండలో ప్రశాంతమైన ఇల్లు, ధర్మవరం స్టేషను దగ్గర ఇంకో గది దొరికాయి. వాళ్ల పద్ధతి తెలుసు కదా అని మూడూ చీటీల మీద రాసి, డబ్బాలో వేసి ఆమె ముందు పెట్టాను.

పెమక్క నన్ను ఎగాదిగా చూసింది. "డేరా అంటే మూడు నెల్ల ముచ్చట. ఉండే ఇంటికి ఎవరన్నా చీటీ తీస్తారా?"

శనివారం తనే హిందూపురంలో ఓ గది చూసుకుంది. ఎక్కడో విని కొట్టు వదిలేసి ఆమె దగ్గరికి పరుగెత్తాను. నరసవ్వ ఎదురిల్లు! నరసవ్వ నోరు తెరిస్తే ధర్మవరంలో మగ్గాలు ఆగేవి. ఆ వీధిలో పిల్లి కూడా పనేమిటో చెప్పి దాటాల్సిందే.

"పిచ్చా అక్కా నీకు? 'యాడికి పోతాండావు, ఎప్పుడొస్తావు' అని ఆ అవ్వ పీక్కు తింటాది!"

"అందుకేనప్పా. నేను రాకుంటే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఆయమ్మే."

ఆదివారం లారీ ఆమె లేకుండానే వెళ్లింది.

రెండేళ్ల తర్వాత ఒకరోజు నరసవ్వ నా కొట్టు మీదికి ఊడిపడింది. "ఏమబ్బా, పదైనా ఆ పిల్ల తలుపు తీయలే. పాల ప్యాకెట్టు గడప మీదే ఉండాది. రా, పగలగొట్టు!"

పగలగొట్టాం. లోపల పెమక్క జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉంది. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ మాటకు ఒక్క అక్షరం కూడా నేను కలపలేదు.

తర్వాత నాలుగు ఊళ్లలో కాపురం పెట్టాను. ఇల్లు చూపించేవాళ్లు నీళ్లు, గాలి, వెలుతురు గురించి చెబుతుంటే నా చూపు ఎదురింటి అరుగు మీదే ఉంటుంది. దారిన పోయేవాళ్లందరినీ నిలదీసే ముసలమ్మ ఒకరు కనబడితే చాలు, తాళాలు అడిగేస్తాను. మా ఆవిడ ప్రతిసారీ హడలిపోతుంది.