యాభై శాతం సెలవు

ఆ రోజు చిక్కడపల్లిలో మా అమ్మవాళ్లింటి తాళం తీయలేకపోయాను. తాళం చెవి పెట్టాను గానీ తిప్పడానికి వేళ్లు సహకరించలేదు. పక్కింటావిడ వచ్చి తీసింది. స్వీడన్ నుంచి సెలవు మీద వచ్చి వారమే అయింది కదా, ప్రయాణం బడలిక అనుకున్నాను. నిజానికి రెండు నెలలుగా పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకునేది కాదు.

నారాయణగూడలో డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ పాజిటివ్. "రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అమ్మా, కీళ్లవాతం. ఈ మెథోట్రెక్సేట్ గోళీ వారానికి ఒక్కసారే వేసుకోవాలె. చేతులకు రెస్ట్ ఇయ్యాలె. ఏం పని చేస్తరు?"

స్వీడన్‌లో ఒక స్కూలు వంటగదిలో నాది పర్మినెంట్ ఉద్యోగం. రెస్ట్ ఎక్కడిది!

మా అన్న అశోక్‌నగర్‌లో ఉంటాడు, బట్టల దుకాణంలో సేల్స్‌మన్. రిపోర్టు చూడగానే లేచి తలుపు మూశాడు. "శైలూ, ఆడ ఎవ్వరికీ చెప్పకు. జీతమిచ్చి ఇంట్ల కూసోబెట్టేటోళ్లు యాడన్న ఉంటరా? నౌకరి పోతది."

నాకూ నిజమే అనిపించింది. తిరిగి వెళ్లి మూడు వారాలు నొప్పిని పంటి బిగువున దాచాను. ఒక పొద్దున ఉడికిన బంగాళాదుంపల ట్రే చేతిలోంచి జారిపోయింది. మా మేనేజర్ ఇంగ్రిడ్ దుంపల వైపు చూడలేదు, నా వేళ్ల వైపు చూసింది. నేను బావురుమన్నాను. "నన్ను తీసేయకండి" అని బతిమాలుకున్నాను.

"జబ్బు చేస్తే ఎందుకు తీసేస్తాం?" అంది. ఆమెకు నా భయమే అర్థం కాలేదు.

ఆ రోజే నన్ను సెలవు మీద ఇంటికి పంపింది. మొదటి రెండు వారాలు స్కూలే డబ్బిచ్చింది, ఆ తర్వాత ప్రభుత్వ బీమా. పూర్తి జీతమంత కాదు గానీ ఇల్లు గడిచింది. మూడు నెలలకు అక్కడి డాక్టరు, "ఇప్పుడు మీరు యాభై శాతం జబ్బు" అని రాసిచ్చాడు. అంటే సగం రోజు పని, మిగతా సగానికి బీమా డబ్బు. ఫోన్‌లో మా అమ్మ హడలిపోయింది. "సగం రోజుకే పంపిస్తున్నరా? ఏం తప్పు చేసినవే?"

నేను మాత్రం ఊరుకున్నానా? సమయం అయిపోయాక కూడా ఉండి క్యారెట్లు తరిగేదాన్ని, గిన్నెలు తుడిచేదాన్ని. అడక్కుండా చేస్తే మంచిపేరొస్తుందని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. నెల తిరక్కుండా మణికట్లు వాచాయి, రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ పెరిగింది, డాక్టరు మందు డోసు పెంచాడు.

ఆ సాయంత్రం ఇంగ్రిడ్ నా చేతిలోని కత్తి తీసుకుని కోటు ఇచ్చింది. "చేతులు బాగుచేసుకోవడం కూడా నీ పనే. బీమా వాళ్లు డబ్బిచ్చేది దానికే. ఆ పని ఎగ్గొడుతున్నావు" అంది. ముందు నాకు ఒళ్లు మండింది. బస్సు ఎక్కాక మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. పని ఆపమని నన్ను అంత గౌరవంగా ఎవరూ ఎప్పుడూ గదమాయించలేదు. ఆ దేశానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

సంవత్సరం తర్వాత పూర్తి పనిలో చేరాను. నా పెన్షన్ ఎంత జమైందో ప్రభుత్వం ఏటా పంపే ఉత్తరంలో, జబ్బుతో ఇంట్లో ఉన్న నెలలను కూడా లెక్కలో వేశారు.

మొన్న చిక్కడపల్లి వచ్చినప్పుడు తాళం నేనే తీశాను. వెనకాలే నిలబడ్డ అన్న చాలాసేపు నా చేతివైపే చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు ఉబ్బి ఉంది.

"జర ఇది చూడు. రెండేండ్లు అయితుంది. సేట్‌కు చెప్పలే."

మర్నాడే నారాయణగూడకు లాక్కెళ్లాను. అన్నదీ అదే జబ్బు. రెండు వేళ్లు ఇక పూర్తిగా ముడవవని డాక్టరుగారు చెప్పారు. వెళ్లి దుకాణం యజమాని సేట్‌తో మాట్లాడాం. ఆయన పది రోజులు సెలవిచ్చాడు, జీతం లేకుండా.

పొద్దున లేచాక గంటసేపు వేళ్లు బిగుసుకుపోతుంటే, ఆ వారమే డాక్టరుకు చూపించండి. దయచేసి దాచకండి. దాచమన్నవాడి వేళ్లే నేనీ సెలవులో రోజూ వేణ్నీళ్లలో పెట్టి మెల్లగా ముడిపిస్తున్నాను.