నాన్నగారి నోట రాని మాట

మొన్నీమధ్య మోకాలు పట్టేసి అమలాపురంలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, నా కొడుకు వయసుండే ఆ అబ్బాయి కంప్యూటరు మీంచి కళ్లెత్తకుండానే మెట్లెక్కగలరా అని అడిగాడు. ఎన్నైనా ఎక్కుతానండి అనేశాను. పక్కనున్న మా ఆవిడ నా చెయ్యి గట్టిగా గిల్లింది, ఎందుకంటే ఆ గదిలోకి నన్ను మెట్ల మీద చెయ్యి పట్టుకుని ఎక్కించుకొచ్చింది తనే. నాకు మాత్రం ఆ గిల్లుడు తెలియనంత నవ్వొచ్చింది. ఆ జవాబు నాది కాదు, మా నాన్నగారిది. ఇన్నేళ్ల తరవాత నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో!

నాన్నగారు దింపు పని చేసేవారు. కాళ్లకు తాడుబంధం వేసుకుని కొబ్బరిచెట్టెక్కి, ముదిరిన కాయలు కోసి దింపే పని. మన ఈడువాళ్లకి ఇది చెప్పనక్కరలేదు గానీ, మన పిల్లలకి కొబ్బరికాయ సంచీలో పుడుతుందని నమ్మకం. రాజోలు చుట్టుపక్కల ఒక చెట్టుందని, దాని చిటారున మొవ్వ దగ్గర కూర్చుని చూస్తే సముద్రంలో పోయే ఓడలో వంటవాడు ఏం కూర వండుతున్నాడో కనబడేదని, నాన్నగారు సాయంత్రం ఇంటికొచ్చి అదే కూర వండమని అమ్మ ప్రాణం తీసేవారని నేను ఊరందరికీ చెప్పేవాణ్ణి. కొందరు నమ్మారు. ఒకాయనైతే ఆ చెట్టెక్కడుందో చూపించమని వెంటపడ్డాడు.

అటువంటి మనిషి చెట్టు మీంచి కాదు, మా ఇంటి వీధరుగు మీంచి జారిపడ్డారు. మోకాలు ఎత్తు కూడా లేని అరుగు. కుడి మోకాలు చిప్ప పగిలి, కాలు కర్రలా బిగుసుకుపోయింది. నొప్పి కంటే ఆ అరుగు సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. అందుకని ఆకాశాన్నంటే చెట్టు మీంచి పడ్డారని, పడుతూ పడుతూ కూడా దారిలో ఒక గెల కోసుకొచ్చారని నేనే ప్రచారం చేశాను. అది విని ఆయన మీసం సవరించుకున్నారు.

ముసలివాళ్ల పింఛనుకి ఆయనకింకా వయసు చాలదు. నాకు రాజోలులో జిరాక్సు కొట్టుండేది, ఇల్లు గడవకపోలేదు గానీ, చుట్ట కాల్చుకోవడానికి కొడుకు ముందు చెయ్యి చాచాల్సి రావడం ఆయనకు మహా చిన్నతనంగా ఉండేది. చుట్టలు మానేశానని ప్రకటించి, పెరట్లోకి పోయి ఖాళీ నోరు నమిలేవారు. ఇక వికలాంగుల పింఛనే దారి. దానికి సదరం సర్టిఫికెట్టు కావాలి, ఆ సర్టిఫికెట్టుకి అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు చూసి నలభై శాతం పైన లోపముందని రాయాలి. లోకానికంతటికీ దరఖాస్తులు నింపిపెట్టే నేను ఇంట్లోవాళ్ల పని చెయ్యలేనా అనుకున్నాను.

అసలు చిక్కు వేరే ఉంది. దింపువాళ్లు "ఎక్కలేను" అనే మాట అనరు. ఒక్కసారి ఆ మాట తోట రైతు చెవిన పడిందా, మళ్లీ దింపుకి ఇంకో మనిషికి కబురెళుతుంది. పైగా చెట్టు కింద ఆ మాటంటే కాలు జారుతుందని భయం. ఒంట్లో బాగాలేకపోతే చెట్టు తడిగా ఉందండీ అంటారు. కళ్లు తిరుగుతుంటే ఎండ ఎక్కువగా ఉందండీ అంటారు. మా తాతగారు పని మానేసిన రోజున, తాడూ కత్తీ రైతుగారి అరుగు మీద పెట్టి, చెట్లు ఎదిగిపోయాయండీ అని చెప్పి వచ్చేశారట. రైతుగారు కొత్త కండువా ఒకటి కప్పి పంపారట. అంతే, ఇంకెవరూ ఏమీ అనుకోలేదు.

అందుకని పరీక్షకి వారం ముందునుంచీ నేను డాక్టరు వేషం కట్టి నాన్నగారికి పాఠం చెప్పాను. మెట్లెక్కగలరా అంటే ఎక్కుతానండి అనేవారు. గొంతుక్కూర్చోగలరా అంటే ఎందుక్కూర్చోను అనేవారు. అమ్మ దణ్ణం పెట్టినంత పనిచేసి, ఆ డాక్టరుగారి ముందు మాత్రం మీ పౌరుషం పక్కనెట్టండి అని బతిమాలింది. సరేనన్నారు. తీరా బయల్దేరేనాడు గంజి పెట్టిన పంచె కట్టి, మీసానికి నూనె రాసి, చేతికర్ర ఇంట్లో వదిలేసి, పెళ్లిచూపులకి వెళ్లే కుర్రాడిలా బస్సెక్కారు. ఎక్కారంటే నేనూ కండక్టరూ కలిసి ఎక్కించాం.

ఆసుపత్రి ఆవరణలో వరస నిలబడిన చోట ఒక కొబ్బరిచెట్టుంది. నాన్నగారి కళ్లు దాని మీదే. కాయలు ముదిరి వేలాడుతున్నాయని, దింపు గడువు ఎప్పుడో దాటిపోయిందని, ఎవరి నెత్తిన పడినా ఇక్కడే ఇంకో సర్టిఫికెట్టు రాయాల్సొస్తుందని కనబడినవాళ్లందరికీ చెప్పి, వరసను అవతలికి జరిపించారు. కుంటుతూనే పెత్తనం.

లోపల డాక్టరమ్మగారు కొలబద్దలాంటిది పెట్టి మోకాలు చూశారు. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. మెట్లు? ఎక్కుతానండి. బరువు? మోస్తానండి. నేల మీద కూర్చోవడం? ఈయన ఆ మాట కోసమే చూస్తున్నట్టు, బల్ల పట్టుకుని, నేను ఆపేలోపలే చతికిలబడ్డారు. ఒక కాలు ముడుచుకుంది, రెండోది పడవ తెడ్డులా బల్ల కిందికి చాచుకుంది. లేవమంటే లేవలేరు. ముఖం నిండా చెమట.

"నేల చల్లగా ఉందండి, కాసేపు ఇక్కడే కూకుంటాను," అన్నారు.

పింఛనూ పోయింది, పరువూ పోయిందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. చాచిన ఆ పాదం వంక, దాని మీద తాడు ఒరిసి ఒరిసి కాయకాచిన చోటు వంక చూశారు. కుర్చీలోంచి లేచి వచ్చి, తెల్లకోటుతోనే నాన్నగారి పక్కన నేల మీద కూర్చున్నారు. మావి ముమ్మిడివరం అవతల కొబ్బరితోటలేనండి, మా ఇంటికీ దింపువాళ్లు వచ్చేవారు అన్నారు. ఆ తరవాత, గొంతు తగ్గించి అడిగారు.

"చెట్లు ఎదిగిపోయేయా, బాబాయిగారూ?"

నాన్నగారు కిటికీలోంచి బయటి చెట్టు వంక చూశారు.

"ఆయ్," అన్నారు. "ఎదిగిపోయేయండి."

ఆవిడా నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. మోకాలు లెక్క మోకాలు ముందే చెప్పిందట, మనిషి చేత కూడా చెప్పించాలి కదండీ అన్నారావిడ నాతో. శాతం నలభై దాటింది. తిరుగు బస్సులో నాన్నగారు దారి పొడుగునా ఒకటే మాట: నేను ఎక్కలేనని ఎక్కడన్నా అన్నానేంట్రా? లేదండీ, అనలేదండీ అని రాజోలు వచ్చేదాకా ఒప్పుకుంటూనే ఉన్నాను. మొదటి పింఛనుతో చుట్టలు కొనుక్కుని, నాకూ ఒకటి ఇవ్వబోయారు. నేను కాల్చనని తెలిసే. ఆ రోజే ఇంటికెళ్లాక అమ్మ ఆయనకి కొత్త కండువా కప్పింది. చెట్లు ఎదిగిపోయాయన్న సంగతి తనకి ఎవరు చెప్పారో మరి, నేనైతే చెప్పలేదు.

ఇప్పుడు నాన్నగారు లేరు. ఆసుపత్రిలో ఆ చెట్టున్న చోట మోటారుసైకిళ్ల షెడ్డు వేశారు. తోటల్లో నిలబడి చేత్తో కోసుకునే పొట్టిరకాలు పెడుతున్నారు, పొడుగువాటికి ఎక్కే మిషన్లొచ్చాయి, దింపుకి మనిషి దొరకడం గగనమైంది. మంచిదే, ఎవరి కాళ్లూ విరగవు. కానీ ఆ పొట్టిచెట్లు ఎన్నాళ్లున్నా మనిషికి అందకుండా ఎదగవు, మనిషి ఓడిపోయినప్పుడు ఆ నెపం తమ మీద వేసుకోవు.

ఆ కుర్ర డాక్టరు తప్పు లేదు, తెలుసుకోవలసింది సూటిగానే అడిగాడు, నేనూ సూటిగానే అబద్ధమాడాను. అతను గనక కంప్యూటరు మీంచి ఒక్కసారి తలెత్తి, మెట్లు ఎదిగిపోయేయా బాబాయిగారూ అని అడిగుంటే, మా ఆవిడ గిల్లక్కర్లేకుండానే ఆయ్ అనేద్దును.