నేనిచ్చిన సెకండ్ క్లాస్

ముందే ఒప్పుకుంటాను. తిరువూరులో మా మాస్టారిని జనం ఏళ్ళ తరబడి ‘ఫోన్ బీయే’ అని ఎగతాళి చేశారంటే, అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా నాది. ఆ సంగతి తెలిసినవాణ్ణి భూమ్మీద నేనొక్కణ్ణే, ఆ ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరు ఎవరితో మాట్లాడినా నా చెవి మీదుగానే పోవాలి, ఎందుకంటే నేను టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో టెంపరరీ ఆపరేటర్ని. విన్నదేదీ బయటికి పొక్కనివ్వకపోవడం మా ఉద్యోగధర్మం. ఆ ధర్మం చాటున నా గుట్టును కూడా పాతికేళ్ళు భద్రంగా దాచుకున్నాను.

డెబ్బయ్యో దశకం మధ్యలో మా ఎక్స్‌చేంజి అంటే ఒక గది, ఒక బోర్డు, బోర్డు నిండా చిల్లులు, చిల్లుల్లో గుచ్చడానికి తీగలు. ఊరు మొత్తానికి ఉన్న ఫోన్లు వందలోపే. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి, కలిసేదాకా పడిగాపులు పడాలి. మామిడికాయల బేరగాళ్ళయితే పొద్దున బుక్ చేసి, రెడ్డిగూడెం తోటలు చూసుకుని సాయంత్రానికి వచ్చినా కాల్ వాళ్ళకంటే ఆలస్యంగానే వచ్చేది. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. రెండు విద్యలున్నాయని మహా గర్వంగా ఉండేది. ఒకటి, బోర్డు వంక చూడకుండా ఒంటిచేత్తో తీగలు మార్చడం. రెండోది, ఫోన్లో విన్న గొంతునల్లా అనుకరించడం. (మిల్లు యజమాని గొంతుతో నేను దగ్గితే ఆయన గుమాస్తా లేచి నిలబడేవాడు.) మా పెద్ద ఆపరేటరు గారికి ఈ రెండూ గిట్టేవి కావు. “చూడకుండా పీకమాకరా నాయనా, ఏదో ఒకరోజు ఎవరిదో కొంప పీకుతావ్” అనేవారు. ఆయనకు చూపు తగ్గి చాదస్తం పెరిగిందని నా నమ్మకం.

ఇక మాస్టారు. ఎయిడెడ్ స్కూల్లో చిన్న తరగతులకు చెప్పేవారు. నలభై దాటినా ప్రైవేటుగా బి.ఏ. రాస్తూ ఉండేవారు. ఇంగ్లీషు పేపరు అప్పటికే రెండుసార్లు ఆయన్ని గుమ్మంలోంచే వెనక్కి పంపింది. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఆ కంచుగొంతు వినడానికి వేరే సంఘాలవాళ్ళు కూడా వచ్చి గోడ పక్కన నిలబడేవారు. మాస్టారు అబద్ధమాడరన్నది మా ఊళ్ళో బస్సు టైములాంటి మాట కాదు, నమ్మదగిన మాట.

ఆ వేసవిలో వాళ్ళ స్కూల్లో హెడ్మాస్టరు పోస్టు ఖాళీ అయింది. బి.ఏ. ఉన్నవాళ్ళే అర్హులు. దరఖాస్తులకు గడువు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలు. పరీక్షల ఫలితాలు సరిగ్గా ఆ శుక్రవారమే వచ్చాయి గానీ, ప్రైవేటు అభ్యర్థుల నెంబర్లు పేపర్లో పడడానికి ఇంకో మూడు రోజులు పడుతుందన్నారు. అందుకని మాస్టారు పొద్దున ఎనిమిదింటికే వచ్చి నేరుగా యూనివర్సిటీకే ట్రంకాల్ బుక్ చేశారు. మా ఊరి నుంచి యూనివర్సిటీకి కాల్ వెళ్ళడం నాకు తెలిసి అదే మొదలు. నేను విజయవాడను పిలిచి, విజయవాడ ఇంకో ఊరిని పిలిచి, ఆ ఊరు యూనివర్సిటీని పిలవాలి. ఒకసారి విజయవాడ పలికితే అవతలి ఊరు పలకదు, అవతలి ఊరు పలికితే యూనివర్సిటీలో ఎవరూ ఎత్తరు. మాస్టారు వరండాలో బల్ల మీద కూర్చుని, గంటకోసారి తలుపు సందులోంచి “ఏం అబ్బాయ్, ఏమన్నా పలికారా?” అని అడిగేవారు. “కలుపుతున్నానండీ మాస్టారూ” అనేవాణ్ణి.

మధ్యాహ్నం మూడున్నరకు కలిసింది. పెద్ద ఆపరేటరు గారు భోజనానికి వెళ్ళి ఇంకా రాలేదు. మాస్టారు బూత్‌లోకి పరిగెత్తారు. అవతల ఒక గుమాస్తా, జలుబు గొంతు, “నెంబరు చెప్పండి” అన్నాడు. మాస్టారు తన నెంబరును వాక్యం చదివినంత స్పష్టంగా చదివారు. “ఉండండి, రిజిస్టరు చూసి చెప్తా” అని అతను వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మిల్లు నుంచి పిలుపు వచ్చింది. నేను అటు చూడకుండానే, కిటికీలోంచి బస్సు దిగుతున్న జనాన్ని చూస్తూ, మాటలైపోయిన తీగ అనుకుని మహా దర్జాగా ఒకటి పీకాను. అది మాస్టారి తీగ.

ఏడున్నర గంటలు పట్టి అల్లిన లైను. మళ్ళీ విజయవాడను పిలిచాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. బూత్‌లో మాస్టారు “హలో సార్! హలో! చూశారా సార్?” అని అరుస్తున్నారు. అద్దంలోంచి ఆయన మెడ మీద చెమట కనిపిస్తోంది. బయటికెళ్ళి “మాస్టారూ, నా చేతివల్ల లైను తెగిందండీ” అంటే సరిపోయేది. ఆయన తిట్టేవారు కూడా కాదు. కానీ పెద్ద ఆపరేటరు గారు వచ్చి “చెప్పానా?” అంటారే, ఆ ఒక్క మాటకు భయపడ్డాను. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, జలుబు గొంతుతో అన్నాను: “ప్యాస్.” బూత్‌లో మాస్టారు అలాగే గోడకు జారగిలబడ్డారు. అది చూసి ఉండబట్టలేక ఇంకొకటి కూడా కలిపాను: “సెకండ్ క్లాస్.” (యూనివర్సిటీకి లేని ఉదారత నాకుండేది.)

మాస్టారు బూత్‌లోంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. “నీ పుణ్యమే అబ్బాయ్! పొద్దుట్నుంచీ నువ్వు పట్టు వదలకుండా కలిపావు చూడు!” అని కళ్ళు తుడుచుకున్నారు. అక్కడే బల్ల మీద దరఖాస్తు తీసి, ‘బి.ఏ., ద్వితీయ శ్రేణి’ అని రాసి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, రవ్వలడ్లు చేసి వీధంతా పంచింది. మొదటి పళ్ళెం ఎక్స్‌చేంజికే వచ్చింది. ఎలాగూ పాసయ్యే ఉంటారులే అని నాకు నేను చెప్పుకుంటూ నాలుగు తిన్నాను.

మూడు రోజులకు వచ్చిన పేపర్లో మాస్టారి నెంబరు లేదు. “అచ్చులో ఎగిరిపోయి ఉంటుంది. నేను ఈ చెవుల్తో విన్నాను” అని ఆయన అందరికీ చెప్పారు. రెండు వారాలు అలాగే చెప్పారు. ఆయన చెప్పారు కాబట్టి ఊరూ నమ్మింది. తర్వాత పోస్టులో మార్కుల కాగితం వచ్చింది. ఇంగ్లీషు మళ్ళీ తప్పింది. ఆ కాగితాన్ని ఎవరూ అడక్కముందే మాస్టారే పట్టుకెళ్ళి స్కూలు నడిపే కరస్పాండెంటు ముందు పెట్టారు. కరస్పాండెంటు చదివి, “యూనివర్సిటీవాళ్ళు మీకు ఫోన్ చేసి మరీ సెకండ్ క్లాస్ ఇచ్చారా మాస్టారూ?” అన్నాడట. ఆ మాట సాయంత్రానికి కాఫీ హోటళ్ళన్నీ తిరిగింది.

ఇక్కడిదాకా నాది భయం. ఆ తర్వాత చేసింది పాపం. కరస్పాండెంటు మనిషి ఎక్స్‌చేంజికి వచ్చి, “ఆ రోజు అసలు కాల్ కలిసిందా? యూనివర్సిటీవాళ్ళు ఏమన్నారు?” అని అడిగాడు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, “కలిసిందండీ. అయితే జనం మాటలు వినడం మా రూల్సుకు విరుద్ధం” అన్నాను. (ఊళ్ళో ఎవరింట్లో ఏం కూరో కూడా నాకు ఫోన్లోనే తెలిసేది.) వరండాలో మాస్టారు నిలబడి ఉన్నారు. నా వైపు ఆశగా చూశారు. నేను బోర్డు వైపు తిరిగాను. ఆ రోజు మాత్రం తీగలన్నీ చూసి మరీ గుచ్చాను.

హెడ్మాస్టరు పోస్టు ఇంకొకరికి వెళ్ళింది. పొరుగింటావిడ కుళాయి దగ్గర అమ్మగారితో, “అబద్ధపు లడ్లు మాకెందుకు పెట్టావమ్మా, మాకూ పాపం చుట్టుకోడానికా!” అందట. మాస్టారు ఆదివారం వాక్యం చదవడం మానేశారు. వెనక బల్ల మీద కూర్చుని, పాట వచ్చినప్పుడు కూడా పెదవులే కదిపేవారు. రెండేళ్ళకు నిజంగానే బి.ఏ. పాసయ్యారు. “ఇదీ ఫోన్లోనేనా మాస్టారూ?” అన్నారు జనం. అప్పటికి నేను పర్మినెంటయి, బదిలీ మీద ఊరు దాటేశాను.

మొన్న వేసవిలో మా అమ్మాయి డిగ్రీ ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఫోను తీగ ఊడబీకి, మోడెమ్ అనే చిన్న పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను కంప్యూటరుకు కలిపింది. పెట్టె కాసేపు కీచుమని, కాసేపు గురకపెట్టి, యూనివర్సిటీని అందుకునేలోపే లైను తెగింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ తెగింది. పక్కన నిలబడి నేను గోళ్ళు కొరుక్కుంటుంటే, “ఎందుకు నాన్నా కంగారు? లైనన్నాక తెగుద్ది. తెగితే తెగిందంటాం, మళ్ళీ కలుపుకుంటాం” అంది. ఎనిమిదోసారికి కలిసింది, పాసయింది. ఇంట్లోవాళ్ళంతా ఎగిరి గంతులేస్తుంటే నేను స్నానాలగదిలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. మర్నాడు పొద్దున్నే తిరువూరు బస్సెక్కాను. ఎ.కొండూరు దాటేదాకా ఎలా మొదలెట్టాలో వల్లించుకున్నాను, దాటాక అంతా మర్చిపోయాను.

మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నన్ను గుర్తుపట్టి, “ఎక్స్‌చేంజి అబ్బాయివి కదూ!” అన్నారు. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు.

“ప్యాస్ అంటే సరిపోయేదిగా? సెకండ్ క్లాస్ ఎందుకిచ్చావు?” అన్నారు.

“మీరు సంతోషిస్తారని మాస్టారూ.”

“సంతోషించాను” అన్నారు. “నేను అబద్ధమాడలేదని నాకు ముందే తెలుసు. నువ్వు నాకు కొత్తగా చెప్పేదేముంది? లోపలుంది, ఆవిడకు చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్క మాట అడగలేదు. నమ్మాననీ అనలేదు” అన్నారు.

అమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో బియ్యం చేట. నేను నోరు తెరిచేలోపే, “విన్నాను. నువ్వక్కడే ఉండు బాబూ” అని చేట కిందపెట్టి, చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళింది. పావుగంటకు నలుగురు ఆడవాళ్ళతో తిరిగి వచ్చింది. అందులో ఒకావిడ బాగా ముసలిది, మనవరాలి భుజం పట్టుకుని నడుస్తోంది. కుళాయి దగ్గర లడ్ల మాట అన్నది ఆవిడేనని అమ్మగారు ఆవిడకు కుర్చీ వేసిన తీరులోనే తెలిసింది. అందర్నీ కూర్చోబెట్టి, తను మాస్టారి పడక్కుర్చీ వెనక నిలబడి, దాని మీద చెయ్యి వేసి, “ఇప్పుడు చెప్పు బాబూ. మొదట్నుంచీ” అంది.

తల సగం నెరిసిన మనిషిని, ఎక్కం రాని పిల్లాడిలా చేతులు కట్టుకుని, మొదట్నుంచీ చెప్పాను. మధ్యలో ఎవరో నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, అమ్మగారికి మాత్రం రాలేదు. చివరికి ఆవిడ వైపే తిరిగి అన్నాను: “మాస్టారు మీతో అబద్ధమాడలేదమ్మా. ఆడింది నేను. అడిగినప్పుడు దాచిందీ నేనే. మీరు పంచిన లడ్లు మంచివే, నా మాటే చెడ్డది. నన్ను క్షమించండి.”