నోరు మూసుకోవడం రాని పిల్ల

ఏడేళ్ళు వచ్చేదాకా నేను ముక్కుతో గాలి పీల్చిన జ్ఞాపకం లేదు. ముక్కు ఉండేది. పడిశం పట్టడానికి పనికొచ్చేది. ఊపిరి సంగతి మాత్రం నోరే చూసుకునేది. అన్నం తినేటప్పుడు నమలడమో గాలి పీల్చడమో ఏదో ఒకటే కుదిరేది కాబట్టి, ఇంట్లో అందరికంటే ఆఖరున కంచం ముందునుంచి లేచేది నేనే.

సిరిసిల్లలో మా ముందు గదిలో రెండు సాంచెలు ఉండేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. మా నాన్న, అంటే బాపు, వాటిమీద బట్ట నేసేవాడు. అవి నడుస్తున్నంతసేపూ ఎవరు ఏం చెప్పాలన్నా అరిచే చెప్పాలి. అందువల్ల నాకు సరిగా వినపడదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

బడిలో సాంచెలు లేవు. సారు పిలిస్తే నేను పలికేదాన్ని కాదు, నోరు తెరుచుకుని ఆయన వైపు చూసేదాన్ని. రెండో తరగతి అయ్యేసరికి ఆయన బాపును పిలిపించి, ఈ పిల్లకు చదువు రాదు, బీడీలు చుట్టడం నేర్పించమని చెప్పాడు. బాపు ఇంటికొచ్చి, చెప్పిన మాట వింటలేవేందని నన్ను రెండు దెబ్బలు కొట్టాడు. ఆ మాట మటుకు గట్టిగానే అన్నాడు, వినపడింది.

మా బాపమ్మ, బాపు వాళ్ళమ్మ, మొదట ఇదంతా పత్తి దుమ్ము వల్లనే అంది. అదే దుమ్ములో పెరిగిన మా అక్క నోరు మూసుకునే ఉండేసరికి ఆ మాట వదిలేసి, నాకు గాలి సోకిందని తేల్చింది. బాపును వెంటబెట్టుకుని నన్ను దయ్యాలు వదిలించే కొండగట్టు గుడికి తీసుకుపోయింది. పదకొండు రోజులు అక్కడే పడుకున్నాం, ప్రదక్షిణలు చేశాం. నాలోంచి ఏ గాలీ బయటికి రాలేదు. గాలి లోపలికి పోకపోవడమే నా బాధ అని అప్పటికింకా ఎవరికీ తోచలేదు.

అక్కడినుంచి కోరుట్లలో మా చిన్నమ్మ ఇంటికి పోయాం. చిన్నమ్మ పక్కింటి ముసల్మాను ఆవిడతో కలిసి అరుగు మీద బీడీలు చుట్టేది. ఆవిడను మేము ఖాలా అనేవాళ్ళం. మధ్యాహ్నం నేను ఆ అరుగు మీదే పడి నిద్రపోతుంటే ఖాలా కత్తెర పక్కన పెట్టి కాసేపు నా గురక విన్నదట. తర్వాత బాపమ్మతో అంది:

"గిది దయ్యం కాదమ్మా. మా చిన్నోడు సుత గిట్లనే పండుతుండె. ముక్కు ఎనక కండ పెరిగిందన్నరు. జగిత్యాల డాక్టర్‌కు చూపెట్టుండ్రి."

మర్నాడు పొద్దున బాపు నన్ను తీసుకుని జగిత్యాల బస్సెక్కాడు. దారిలో పోలీసులు బస్సు ఆపారు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం వెతకడం ఆ రోజుల్లో మామూలే. ఒక కానిస్టేబుల్ వంగి నన్నేదో అడిగాడు. నేను నోరు తెరుచుకుని అతని నోటి వైపు చూశాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చూశాను. బాపు లేచి, "పోరికి ముక్కు బాగలేదు సార్" అన్నాడు.

అతను నా పేరు అడిగాడట. పేరు అడిగితే ముక్కు సంగతి చెప్పిన మనిషి మీద అతనికి అనుమానం రావడంలో తప్పేమీ లేదు. బాపును కిందికి దింపి సంచీ అంతా గుమ్మరించారు. కొండగట్టు కుంకుమ, కొబ్బరి చిప్ప, నా గౌను బయటపడ్డాయి. చాలాసేపటికి ఎక్కనిచ్చారు. బాపు నా పక్కన కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. జగిత్యాల వచ్చేదాకా తీయలేదు.

డాక్టరు నా పేరు అడగలేదు. నిగనిగలాడే ఒక స్టీలు పట్టీని నా ముక్కు కింద పెట్టి, నోరు మూసుకుని గాలి వదలమన్నాడు. పట్టీ అలాగే మెరుస్తూ ఉంది. దాన్ని తుడిచి బాపు ముక్కు కింద పెట్టాడు. రెండు చోట్ల ఆవిరి పట్టింది. బాపు ఆ రెండు మచ్చలనూ ఆరిపోయేదాకా చూశాడు.

తర్వాత డాక్టరు నా వెనక్కి పోయి నిలబడ్డాడు. చాక్లెట్ కావాలా అని మూడుసార్లు అడిగాడట. నేను గోడ మీది క్యాలెండర్‌లో పాపను చూస్తున్నాను. ఆ పాప నోరు కూడా కొంచెం తెరిచే ఉంది.

తలకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకు పెట్టి చూపిస్తూ డాక్టరు చెప్పాడు. "ముక్కు వెనక కండ పెరిగి దారి మూసేసింది. దానివల్లే చెవుల్లో నీరు చేరింది. పిల్ల మొద్దు కాదు. వినపడతలేదు, అంతే."



"బడిల కొట్టిండ్రు సార్," అన్నాడు బాపు. "నేను గూడ కొట్టిన."

డాక్టరు చీటీ రాస్తూనే ఉన్నాడు. దానికి ఆయన దగ్గర మందు లేనట్టుంది.

ఆపరేషన్‌కు రోజు చెప్పారు. ఆ రోజుకు ముందు ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగింది, బంద్ పిలుపొచ్చింది, బస్సులు నడవలేదు. ఇంకో వారం చిన్నమ్మ ఇంట్లోనే నోటితో ఊపిరి పీల్చాను. ఆ తర్వాత ఆపరేషన్ అయింది. కండ తీశారు, చెవుల్లో నీరు తీశారు.

సిరిసిల్లకు వచ్చిన పొద్దున బాపు సాంచె వేశాడు. నేను రెండు చెవులూ మూసుకుని పెరట్లోకి ఉరికి ఏడ్చాను. ఆపరేషన్ చెడిపోయిందనుకుని మా అక్క కూడా ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు ఇంతుంటుందని నాకెవరూ చెప్పలేదు.

కరెంటు పోయి సాంచెలు ఆగినప్పుడు బాపమ్మ, పక్కింటామె వంటింట్లో కూర్చుని చిన్నగా మాట్లాడుకునేవాళ్ళు. ఎవరింట్లో అన్నలు అన్నం తిన్నారో, ఎవరింటికి పోలీసులు వచ్చిపోయారో నాకేం తలకెక్కదని అన్నీ నా ముందే చెప్పుకునేవాళ్ళట. ఆపరేషన్ తర్వాత ఒకరోజు పక్కింటామె ఎవరిదో పేరు చెప్పగానే, ఆయన ఎవరని అడిగాను. ఇద్దరూ ఆగిపోయారు. బాపమ్మ నా వైపు చూసింది.

"దీనికి ఇనవడుతుందే," అంది పక్కింటామెతో.

నన్ను బయటికి పోయి ఆడుకోమంది. ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా అదే మాట. ఆ ఎండాకాలం కరెంటు బాగా పోయేది. వాడలో పిల్లలందరితో నాకు స్నేహమైంది.